మూత పరిశ్రమ

ప్రభుత్వాన్ని ఆడిపోసుకునేవాళ్లంటే నాకు మొదటినుంచీ గిట్టదు. ఇంట్లో నలుగురున్న సంసారం నడపడానికే మనం నానా తంటాలూ పడుతుంటే, ఇన్ని కోట్లమందిని నడిపేవాళ్లకి ఒకటీ అరా పొరపాట్లు రావూ? మా ఫ్యాక్టరీ సంగతే తీసుకోండి. దాన్ని ప్రభుత్వం మూసేసిందని ఊళ్లో అందరూ అంటారు. అది శుద్ధ అబద్ధం. ప్రభుత్వం మా ఫ్యాక్టరీని మూయలేదు. అది మూతపడి ఉందని గుర్తించింది, అంతే. ఆ గుర్తింపుకి తగ్గట్టు నడుచుకోలేక మేమే కొన్నాళ్లు మొండికేశాం.

మాది రామసానిపేట. గోదావరి కాలవ ఒడ్డున చిన్న ఊరు. ఒకప్పుడు ఊరికి ఈ చివర పంచదార మిల్లు, ఆ చివర గోనెసంచుల మిల్లు ఉండేవి. పైదేశాల పంచదార చవగ్గా దిగిన ఏడు మొదటిదీ, ప్లాస్టిక్ సంచులు దిగిన ఏడు రెండోదీ మూతపడ్డాయి. ఇక మిగిలినవి ఎదురెదురుగా ఉన్న రెండే రెండు. రోడ్డుకి ఎడమవైపు అల్యూమినియం గిన్నెలు చేసే కార్ఖానా, కుడివైపు వాటికి మూతలు చేసే మా ఫ్యాక్టరీ. మా యజమాని పేరు మట్టపర్తి గనిరాజు. నేను ఆయన దగ్గర లెక్కలు రాసే గుమాస్తాని, సూరపరాజంటారు.

మా గేటు మీద బోర్డు 'శ్రీ కనకదుర్గా మూత పరిశ్రమ' అని ఉంటుంది. 'మూతల పరిశ్రమ' అని రాయించి ఉండాల్సిందని తర్వాత చాలామంది పెద్దలు సెలవిచ్చారు. నిజమే. కానీ బోర్డు రాసినవాడు అక్షరానికి ఇంత అని బేరం పెట్టాడు. గనిరాజుగారి తండ్రిగారు పొదుపరి. ఒక అక్షరం మిగిల్చారు.

మా దగ్గర మూత మీద పట్టుకునే బొడిపె బిగించే పని వరహాలుది. ఆవిడ మొగుడు అప్పలస్వామి ఎదురు కార్ఖానాలో గిన్నె అంచు తిప్పేవాడు. ఆలుమగలిద్దరికీ ఒక్క విషయంలోనూ పొసగేది కాదు. అతను ఎడ్డెమంటే ఆవిడ తెడ్డెమనేది. కానీ అతను అంచు తిప్పిన గిన్నె మీద ఆవిడ మూత పెడితే మాత్రం చీమకి కూడా సందు దొరికేది కాదు. వాళ్లింటి వంట మీద మా ఊరి బల్లులకి ఎప్పటికీ ఆశ ఉండేది కాదని మేం వేళాకోళం చేసేవాళ్లం.

ఇలా ఉండగా రాష్ట్రంలో ప్రతి పరిశ్రమకీ ఫోన్ చేసి దాని ఆరోగ్యం కనుక్కోవాలన్న బృహత్తరమైన ఆలోచన పైవాళ్లకి వచ్చింది. దానికి 'పరిశ్రమల యోగక్షేమ సర్వే' అని పేరు పెట్టారు. ఒకరోజు పొద్దున్న మా ఫోన్ మోగింది. గనిరాజుగారికి కుడిచెవి సరిగా వినబడదు, అందుకని ఫోన్ ఎప్పుడూ గదంతా వినబడేట్టు పెడతారు. అటువైపు ఎవరో ఆడపిల్ల, గొంతు ఎంతో మెత్తగా ఉంది.

"మీది ఏ పరిశ్రమ సార్?"

"మూతండి."

అటువైపు గొంతు ఇంకా మెత్తబడింది.

"ఎప్పటినుంచి సార్?"

"మా నాన్నగారి కాలం నుంచీనండి."

"అయ్యో. మొత్తం మూతేనా సార్, కొంత భాగమేనా?"

"మొత్తం మూతేనండి. మధ్యలో ఓసారి గరిటెలు కూడా చేద్దారనుకున్నాం గానండి, కలిసిరాలేదు."

"దీనివల్ల ఎంతమంది ఉన్నారు సార్?"

"ఇరవైరెండు మందిమండి. అందరివీ దీనిమీదే బతుకులండి."

"మరి ముందుముందు ఏం చేద్దామనుకుంటున్నారు సార్?"

"ముందుముందు కూడా మూతేనండి. మావోణ్ణి కూడా ఇందులోకే దింపుదారని చూత్తన్నాను."

ఆ పిల్ల గొంతు వణికింది. ధైర్యంగా ఉండమనీ, ప్రభుత్వం మీకు అండగా ఉంటుందనీ చెప్పి పెట్టేసింది. గనిరాజుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఇన్నేళ్ల వ్యాపారంలో ప్రభుత్వం తరపున ఒక మనిషి ఇంత ప్రేమగా మాట్లాడటం ఇదే మొదటిసారి అన్నారు.

ఆ అండ వారం తిరక్కుండానే వచ్చింది. కరెంటు వాళ్లు స్తంభమెక్కి మా తీగ తీసేశారు. ప్రెస్సు సగం మూత నొక్కి ఆగిపోయింది. మూతపడ్డ ఫ్యాక్టరీకి కరెంటు ఇవ్వడం దుబారా అవుతుందని వాళ్లకి కాగితం వచ్చిందట. మూతపడలేదు బాబూ, నడుస్తోంది కదా అని నేను లోపలికి తీసుకెళ్లి చూపించాను. లైన్‌మన్ మంచివాడు. శ్రద్ధగా అంతా చూసి, నిజమే నడుస్తోందని ఒప్పుకుని, తీగ చుట్ట చుట్టుకుని వెళ్లిపోయాడు.

గనిరాజుగారు ఎక్కడినుంచో డీజిల్ ఇంజను అద్దెకి తెప్పించి ప్రెస్సు నడిపించారు. అప్పుడొచ్చారు నీలకంఠేశ్వరరావుగారు. ఆయన జిల్లా పరిశ్రమల స్థితి నిర్ధారణాధికారి. మనిషి పొట్టి, హోదా పొడుగు. వెంట ఒక డ్రైవరు, ఒక ఫైలు. షెడ్డు మధ్యలో నిలబడి ఏదో అన్నారు గానీ ప్రెస్సు చప్పుడులో మాకు పెదాలు కదలడమే కనబడింది. ఇంకోసారి గట్టిగా అన్నారు. మూడోసారి గొంతు చించుకున్నారు. ఈ పరిశ్రమ మూతపడి ఉందని ఆయన చెబుతున్నారట. పాపం, అధికారిగారి మాట వినబడటం లేదని వరహాలు వెళ్లి ఇంజను కట్టేసింది.

షెడ్డంతా నిశ్శబ్దమైపోయింది. ఆయన చుట్టూ చూసి, తృప్తిగా తలాడించి, ఫైల్లో రాసుకున్నారు. రాస్తున్నది పైకి చదివారు కూడా.

"తనిఖీ సమయమందు సదరు పరిశ్రమలో ఉత్పత్తి పూర్తిగా నిలిచి ఉన్నట్టు స్వయముగా గమనించడమైనది."

గనిరాజుగారికి అప్పుడు వెలిగింది, ఫోన్లో జరిగిన ఘోరమేమిటో. పరిగెత్తుకెళ్లి తవ్వెడు గిన్నె మీదికి చేసిన మూతొకటి తెచ్చి అధికారిగారి చేతిలో పెట్టారు. మూతంటే ఇదండి, మేం చేసేది ఇదండి, మాది మూతపడ్డం కాదండి అని గుక్క తిప్పుకోకుండా మొత్తుకున్నారు. నీలకంఠేశ్వరరావుగారు ఆ మూతని అటూ ఇటూ తిప్పి చూసి, మర్యాదగా బల్లమీద పెట్టారు.

"చూడండి. ఇది వస్తువు. ప్రభుత్వం వస్తువుతో వ్యవహరించదు, స్థితితో వ్యవహరిస్తుంది. మార్గదర్శకాలలో మూత అనగా ఉత్పత్తి ఆగిపోయిన స్థితి అని నిర్వచించబడియున్నది. మీరు వస్తువు చూపించి స్థితిని మార్చమంటే ఎలాగ?"

ఈలోగా నేను టీ తెప్పించాను. ఈగలు పడకుండా గ్లాసు మీద మా చిన్నమూతొకటి పెట్టి ఇచ్చాను. ఆయన మూత తీసి, టీ తాగి, మళ్లీ మూత పెట్టి, మూతపడ్డ పరిశ్రమని అనుమతి లేకుండా నడపడం ఎంత నేరమో వివరించారు. మరి దారేమిటని అడిగితే దారి లేకపోలేదన్నారు. మూత పరిశ్రమల పునరుజ్జీవన పథకమని ఒకటుంది. దాని కింద ప్రభుత్వమే వచ్చి తాళం తీస్తుంది, కరెంటిస్తుంది, మంత్రిగారు కొబ్బరికాయ కొడతారు. అయితే ఆ పరిశ్రమ అంతకు ముందు ఏడాదిపాటు నిరంతరాయంగా మూతపడి ఉండాలి.

మేం ఒక్కరోజు కూడా మూయలేదే అన్నారు గనిరాజుగారు. అదే మీలో ఉన్న లోపమన్నారు అధికారిగారు. మూసి ఉన్నదాన్ని తెరిచే బాధ్యత ప్రభుత్వానిది, మీ అంతట మీరే తెరుచుకుని కూర్చుంటే ప్రభుత్వం దేన్ని తెరుస్తుంది?

అది సబబుగానే తోచింది నాకు. ఆ సాయంత్రమే తాళం వేసి లక్క ముద్ర కొట్టారు. వరహాలు గేటు దగ్గర చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి, మరి ఏడాదీ మేం ఏం తినాలండని అడిగింది. ఆయన కారెక్కుతూ, ఆ అంశం వేరే శాఖ పరిధిలోకి వస్తుందన్నారు.

వేరే శాఖ కూడా ఊరుకోలేదు. మూత బాధితుల పునశ్శిక్షణ అని పెట్టి మావాళ్లందరినీ పాత గోనెసంచుల మిల్లు షెడ్డులో కూర్చోబెట్టారు. పట్నం నుంచి వచ్చిన కుర్రాడొకడు టై కట్టుకుని, చిరునవ్వుతో కొనుగోలుదారుణ్ణి పలకరించడం ఎలాగో నేర్పాడు. ఊళ్లో కొనుగోలుదారులెవరూ లేరు కాబట్టి ఒకళ్లనొకళ్లు పలకరించుకున్నారు. తర్వాత ఎవరి అనుభవం వాళ్లు కాగితం మీద రాయమన్నాడు. వరహాలుకి నేనే రాసిపెట్టాను: 'మూతలో పదిహేనేళ్ల అనుభవం.' ఆ కుర్రాడు అది చదివి చాలాసేపు ఆవిడ మొహంలోకి చూశాడు. పదిహేనేళ్లుగా పనిలేకుండా కూడా ఇంత నిబ్బరంగా ఉన్న మనిషిని తాను చూడలేదని క్లాసంతటికీ చెప్పి చప్పట్లు కొట్టించాడు.

అటు రాజధానిలో ఇంకా పెద్దవాళ్లు ఇంకా పెద్ద ఆలోచన చేస్తున్నారు. ఏ వస్తువు దేశంలో తయారు కావడం లేదో దాన్ని పైదేశాల నుంచి సుంకం లేకుండా రానివ్వాలన్నది అప్పుడు నడుస్తున్న విధానం. జాబితా తిరగేస్తే మూతల పరిశ్రమ మూత అని కనబడింది. పాపం జనం మూతల్లేకుండా వండుకుంటున్నారని వాళ్ల మనసు కరిగింది. నెల తిరిగేసరికి ఓడల్లో మూతలు దిగాయి.

అవి చాలా అందమైన మూతలు, లేనిపోని మాటనకూడదు. మధ్యలో అద్దం, చుట్టూ మెరిసే స్టీలు కట్టు, ఆవిరి పోవడానికి కన్నం. ఒకటే చిక్కు. మా వైపు గిన్నెలు పట్టే బియ్యాన్ని బట్టి సోలెడు, దానికి రెట్టింపు తవ్వెడు, ఆపైన మానెడు, కుంచెడు అని లెక్క. పైదేశం వాళ్లకి మన సోల సంగతి ఎవరు చెబుతారు? వాళ్ల చిన్నమూత మన సోలెడు గిన్నెకి పెద్దదై నిలవకుండా జారిపోయేది. అదే మూత తవ్వెడు గిన్నె మీద పెడితే లోపల పడేది. ఊళ్లో పాలు పొంగాయి, పప్పులో బల్లులు పడ్డాయి, సంక్షేమ హాస్టల్లో సాంబారు కాగులోంచి మూతని తీయడానికి వంటమనిషి భుజం దాకా చెయ్యి పెట్టి కాల్చుకుంది.

ఫిర్యాదులు వెళ్లాయి. నీలకంఠేశ్వరరావుగారు స్వయంగా వచ్చి బజారులో ఒక మూతా ఒక గిన్నే పక్కపక్కన పెట్టి విచారణ జరిపారు. మూత అంతర్జాతీయ ప్రమాణాలకు లోబడి ఉన్నది, కావున లోపము గిన్నెలో ఉన్నదని తేల్చారు. ఈ చురుకుదనం మనబోటివాళ్లకి రాదు. మనం గిన్నె పట్టుకుని దానికి తగ్గ మూత కోసం దేవుళ్లాడతాం. ఆయన మూత పట్టుకుని ఊరందరి గిన్నెలూ మార్చమన్నారు.

ఎదురు కార్ఖానాకి కాగితం వచ్చింది, ఇకమీదట మూతకి తగ్గ గిన్నెలే చేయాలని. అలా చేయాలంటే అచ్చులన్నీ మార్చాలి. ఆ అచ్చులు మూతలు చేసినవాళ్ల దగ్గరే దొరుకుతాయి. వాళ్లు అచ్చులు అమ్మబోమన్నారు, కావాలంటే గిన్నెలు అమ్ముతామన్నారు. అలా గిన్నెలూ ఓడెక్కాయి. ఎదురు కార్ఖానా కూడా మూతపడింది. ఈసారి ఫోన్‌లో పొరపాటేమీ లేదు, నిజంగానే మూతపడింది. ఆరోజు అప్పలస్వామి ఇంటికొచ్చి భార్యతో పోట్లాడలేదట. వరహాలు ఆ మాట నాతో చెప్పి ఏడ్చింది. పెళ్లయ్యాక వాళ్లింట్లో పోట్లాట లేని రోజు అదేనంది.

కొత్త గిన్నెల్లో తవ్వెడు బియ్యం పట్టేవి కావు. పొంగి పొయ్యి ఆర్పేసేవి. దానికీ పరిష్కారం వచ్చింది. ప్రజలు అవసరానికి మించి వండుకుంటున్నట్టు అధ్యయనంలో తేలిందనీ, గిన్నె పరిమాణానికి అనుగుణంగా ఆకలిని సవరించుకోవాలనీ పంచాయతీ గోడ మీద రాయించారు. పేదవాళ్లు చాలామంది అప్పటికే సవరించుకుని ఉన్నారు. వరహాలు ఇంట్లో అల్యూమినియం సామానంతా పాత సామాన్ల కొట్టుకి తూకానికి వెళ్లిపోయింది. ముందు మూతలు వెళ్లాయి, తర్వాత గిన్నెలు. అప్పలస్వామి చేతులతో అంచు తిప్పిన తవ్వెడు గిన్నె ఒక్కటి మాత్రం అమ్మనివ్వలేదు ఆవిడ.

ఏడాది గడిచింది. నిరంతరాయంగా మూసి ఉంచామని, లక్కముద్రకి చిన్న పగులు కూడా రానివ్వలేదని గనిరాజుగారు గర్వంగా అర్జీ పెట్టుకున్నారు. ఆ సమయానికి రాజధాని నుంచి ఒక ముఖ్యమైన కార్యదర్శిగారు జిల్లా పర్యటనకి వచ్చారు. సోమవారం అర్జీల సభలో మావంతు వచ్చింది. గనిరాజుగారు మైకు ముందు నిలబడి ఫోన్ కథంతా చెప్పబోయారు గానీ, మూత అన్న మాట దగ్గరే మళ్లీ మళ్లీ తడబడ్డారు. అప్పుడు వరహాలు ముందుకి వెళ్లింది. చేతిసంచిలోంచి మా ఫ్యాక్టరీ మూతొకటి తీసింది. గ్లాసు మీది మూత కాబోలు, తూకానికి వేసినా కొట్టువాడు వెనక్కిచ్చేంత చిన్నది. దాన్ని తీసుకెళ్లి కార్యదర్శిగారి మంచినీళ్ల గ్లాసు మీద పెట్టింది. చక్కగా కూర్చుంది.

"అయ్యా, మేం ఏసే మూత ఇదండి. దీని కింద అన్నం ఉంటాదండి, పాలుంటాయండి. పిల్లోళ్లు తినేదాంట్లో పురుగు పడకుండా కాత్తాదండి. మీరేసిన మూత ఇంకోటండి. దాని కింద మేం ఉన్నామండి. ఊపిరాడతంలేదండి, తియ్యండయ్యా."

కార్యదర్శిగారు ఆ మూత ఎత్తారు, దించారు, మళ్లీ ఎత్తారు. రెండు అర్థాలూ ఆయనకి ఒక్కసారే తట్టాయనుకుంటాను, మొహం ఎర్రబడింది. ఇంత ఘోరమైన పొరపాటు జరిగిందా అని నీలకంఠేశ్వరరావుగారి వైపు చూశారు. నీలకంఠేశ్వరరావుగారు అందరికన్నా ముందు ఔనండి ఘోరమేనండి అన్నారు. కార్యదర్శిగారు అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు.

"ఇకమీదట ప్రభుత్వ రికార్డులన్నింటిలోనూ మూత అనగా పాత్రలపై ఉంచు వస్తువు అని మాత్రమే అర్థము. వేరు అర్థము చెప్పరాదు, స్వీకరించరాదు."

చప్పట్లు మోగిపోయాయి. వరహాలు వంగి ఆయనకి దణ్ణం పెట్టింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మావాళ్లంతా పాటలు పాడారు. గనిరాజుగారు ఇరవైరెండు మందికీ దారిలో పకోడీలు కొనిపెట్టారు. నాకు కూడా, ఎంత కాదన్నా, కళ్లు చెమర్చాయి. మన ప్రభుత్వం కాస్త ఆలస్యంగా వింటుందేమోగానీ వినకుండా పోదు అనుకున్నాను.

ఉత్తర్వు మర్నాడే కంప్యూటర్లోకి ఎక్కింది. అక్కడ జిల్లాలో మూతపడ్డ పరిశ్రమలన్నిటి పేర్ల పక్కనా 'మూత' అనే ఉంది. పంచదార మిల్లు, మూత. గోనెసంచుల మిల్లు, మూత. ఎదురు కార్ఖానా, మూత. ధాన్యం మిల్లులు, పెంకుల బట్టీలు, నూలు మిల్లు, అన్నీ మూత. మూత అనగా పాత్రలపై ఉంచు వస్తువు. వేరు అర్థము స్వీకరించరాదు.

ఆ విధంగా మా జిల్లా ఒక్క రాత్రిలో మూతల తయారీలో దేశానికే తలమానికమైంది. గేటుకి కాకరతీగ అల్లుకున్న పంచదార మిల్లు నెలకి లక్షల మూతలు చేస్తున్నట్టు తేలింది. ఉద్యోగాలు పోయినవాళ్లు ఒక్కరూ లేకుండా పోయారు. మూతవల్ల ఇళ్లకి పోయినవాళ్లందరూ మూతల పరిశ్రమలో కార్మికులైపోయారు. అప్పలస్వామి కూడా మూతల కార్మికుడే. జీవితమంతా గిన్నెల పక్షం వహించి భార్యతో పోట్లాడిన మనిషి, చివరికి ఆవిడ వృత్తిలోకే వచ్చాడు.

వరహాలు చెరువు పూడిక తీసే కూలిపనికి పేరు రాయించుకోవడానికి వెళితే కంప్యూటర్ ఒప్పుకోలేదు. ఫ్యాక్టరీలో ఉద్యోగం చేస్తూ పేదవాళ్ల పనికి ఎగబడుతున్నావా అని అక్కడి గుమాస్తా చీవాట్లు పెట్టాడు. బియ్యం కార్డు కూడా ఆగిపోయింది, ఆలుమగలిద్దరూ జీతగాళ్లని.

నేనూ గనిరాజుగారూ నీలకంఠేశ్వరరావుగారి ఆఫీసుకి పరిగెత్తాం. ఆయన లేచి నిలబడి మరీ స్వాగతం చెప్పారు. మీ పరిశ్రమ అద్భుతంగా నడుస్తోందని అభినందించారు. అయ్యా, తాళం తీయించండి, కరెంటిప్పించండి, ఏడాది మూసి ఉంచాం కదా అన్నారు గనిరాజుగారు. నడుస్తున్న పరిశ్రమను పునరుజ్జీవింపజేయు నిబంధన లేదన్నారు ఆయన. పోనీ, కొత్త పరిశ్రమ పెట్టుకుంటామన్నాం. జిల్లాలో ఇప్పటికే మూతల ఉత్పత్తి అవసరానికి మించి ఉన్నందున కొత్త అనుమతులు ఆపేశామన్నారు.

"మరి గేటుకి తాళం ఉంది కదండీ. మీరే కదండీ ఏశారు?" అని గనిరాజుగారు ఏడుపు గొంతుతో అడిగారు.

"తాళం వస్తువండీ," అన్నారు నీలకంఠేశ్వరరావుగారు ఓర్పుగా. "మేం స్థితితో వ్యవహరిస్తాం."

బయటికొచ్చాక గనిరాజుగారు మెట్లమీద కూలబడ్డారు. సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ మోగింది. అదే మెత్తటి గొంతు. ఈ ఏడాది యోగక్షేమ సర్వేట.

"మీది ఏ పరిశ్రమ సార్?"

గనిరాజుగారు నా మొహంలోకి చూశారు. ఏం చెబితే బాగుంటుందన్నట్టు. నిజం చెప్పినా అదే మాట, అబద్ధం చెప్పినా అదే మాట.

"మూతమ్మా," అన్నారు.

ఆ పిల్ల ఎంత సంతోషించిందో. తనకి గుర్తుందట, కిందటేడు మీరు చాలా కష్టంలో ఉన్నారు కదా సార్, ఇప్పుడు చూడండి ఎంత బాగా నడుస్తోందో అంది. ఎంతమంది ఉన్నారని అడిగింది. ఇరవైరెండు మంది అన్నారు గనిరాజుగారు. చాలా సంతోషం సార్ అని పెట్టేసింది. మంచిపిల్ల. ఆ పిల్లని నేను ఒక్కమాట అనను.

తర్వాత జిల్లాకి బహుమతి వచ్చింది. సన్మానసభ గోనెసంచుల మిల్లు ఆవరణలోనే పెట్టారు. గడ్డి పీకించి, షెడ్డుకి సున్నం కొట్టించారు. మంత్రిగారు వచ్చి, కుండ మూతికి మూకుడు పెట్టగలం గానీ లోకం మూతికి మూకుడు పెట్టలేమని పెద్దలన్నారనీ, తగినంత మూకుళ్ల ఉత్పత్తి లేని కాలం కాబట్టి పాపం అలా అనుకున్నారనీ, ఈ జిల్లా ఆ కొరత కూడా తీర్చేసిందనీ సెలవిచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. నీలకంఠేశ్వరరావుగారికి శాలువా కప్పారు. ఆయనకి పై ఉద్యోగం కూడా వచ్చింది, ఇకమీదట ఆయన చుట్టుపక్కల జిల్లాల స్థితి కూడా నిర్ధారిస్తారు. చివర్లో ఉత్తమ మూతల కార్మికురాలిగా వరహాలు పేరు పిలిచారు. అర్జీల సభలో మాట్లాడిన మనిషి కదా, కార్యదర్శిగారికి గుర్తుందట.

ఆవిడ రాలేదు. జ్ఞాపిక నా చేతికిచ్చి ఇంటికి చేర్చమన్నారు.

దీపాలు పెట్టేవేళకి వాళ్లింటికి వెళ్లాను. అప్పలస్వామి అరుగుమీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి రండి బాబూ అన్నాడు గానీ లేవలేదు. వరహాలు లోపలినుంచి వచ్చి జ్ఞాపిక చుట్టిన రంగుకాగితం విప్పింది. పైదేశం మూత. మధ్యలో అద్దం, అద్దం మీద మంత్రిగారి బొమ్మ, పైన బంగారు రంగు బొడిపె. ఆవిడ బొడిపెని బొటనవేలితో ఇటూ అటూ కదిపి చూసింది. అలవాటు ఎక్కడికి పోతుంది? సరిగా బిగించలేదండి అంది.

ప్రభుత్వాన్ని తిట్టకూడదన్నది నా నియమం. ఆ పూట ఆ నియమం ఎంత కష్టమనిపించిందో చెప్పలేను. ఏదో ఒకటి అనాలని, పోన్లే వరహాలూ, ఇంట్లో మూతలన్నీ తూకానికి పోయాయిగా, పనికొస్తుందిలే అన్నాను.

ఆవిడ మూత పట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్లింది. అప్పలస్వామి తవ్వెడు గిన్నె అక్కడ ఉంది. దానిమీద పెట్టి చెయ్యి తీసింది. మూత లోపల పడిపోయింది. గిన్నెలో ఏమీ లేదేమో, ఆ చప్పుడు చాలాసేపు మోగింది.